మంత్రఖడ్గం వెనుక ఆత్మల లెక్క

కాల్పనిక లోకాన్ని నిర్మించే ప్రతి రచయితకూ మంత్రశక్తి ఎక్కడి నుంచి పుడుతుందన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మంత్రం చదివితే మంట లేచిందని, కత్తి ఒర దూయగానే మెరిసిందని చెప్పి ఊరుకునే కథలే ఎక్కువ. ఆ మంటకు ఇంధనం ఏమిటో, ఆ మెరుపు ఖర్చు ఎవరి మీద పడిందో పాఠకుడు అడగడు, రచయితా చెప్పడు. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో 1986లో మొదలైన బెథెస్డా సాఫ్ట్‌వర్క్స్ సంస్థ 1994 నుంచి వెలువరిస్తూ వచ్చిన ‘ది ఎల్డర్ స్క్రోల్స్’ అనే వీడియో గేమ్‌ల వరుస మాత్రం ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పింది. ఆ లోకంలో మంత్రఖడ్గాన్ని నడిపే ఇంధనం ఆత్మ. చనిపోతున్న జీవి నుంచి బలవంతంగా లాగి, స్ఫటికంలో బంధించి, అవసరం వచ్చినప్పుడు ఖర్చు పెట్టే ఆత్మ. ఆటలో ఒక చిన్న సౌకర్యంగా మొదలైన ఈ నియమం క్రమంగా ఆ లోకపు మరణానంతర జీవితాన్ని, సామ్రాజ్యాల పుట్టుకను, దేవుళ్లుగా చలామణీ అయినవారి చరిత్రను తనలోకి లాక్కుంది. దాన్ని మొదటి నుంచి అనుసరించి చూస్తే, వినోదం కోసం తయారైన ఒక ఆటలో ఎంత భయంకరమైన తర్కం ఎంత నిశ్శబ్దంగా పని చేస్తున్నదో బోధపడుతుంది.

ఈ వరుసలో ప్రధానమైన ఆటలు ఐదు: 1994లో ‘అరీనా’, 1996లో ‘డాగర్‌ఫాల్’, 2002లో ‘మోరోవిండ్’, 2006లో ‘ఆబ్లివియన్’, 2011 నవంబరు 11న ‘స్కైరిమ్’. వీటిలో చివరిది ఆరు కోట్లకు పైగా అమ్ముడుపోయినట్లు దాని దర్శకుడు టాడ్ హవర్డ్ 2023లో చెప్పారు. ఇవన్నీ రోల్ ప్లేయింగ్ గేమ్‌లు, అంటే ఆటగాడు ఒక పాత్రను తానే తయారుచేసుకొని, ఆ పాత్రగా ఊళ్లు తిరుగుతూ, మనుషులతో మాట్లాడుతూ, యుద్ధాలు చేస్తూ, అప్పగించిన పనులను ఒప్పుకొనో కాదనో కథను నడిపించే ఆటలు. కథంతా టామ్రియెల్ అనే ఖండంలో జరుగుతుంది. అందులో మనుషులు, ఎల్ఫ్‌లు అనే దీర్ఘాయుష్కులు, పిల్లి రూపంలోనూ బల్లి రూపంలోనూ ఉండే జాతులు కలిసి జీవిస్తాయి. ఈ ఆటల ప్రత్యేకత వాటిలో దొరికే పుస్తకాలు. గదుల్లోని అల్మరాల్లో, సమాధుల్లో, దొంగల గుడారాల్లో వందల కొద్దీ చిన్న పుస్తకాలు పడి ఉంటాయి, ఆటగాడు కావాలంటే ఆగి చదవవచ్చు, లేకుంటే దాటిపోవచ్చు. వాటిలోని చరిత్రలు ఒకదానికొకటి పొసగవు. రాసినవారికి పక్షపాతాలు ఉంటాయి. ఆ లోకం గురించిన ముఖ్యమైన నిజాలు చాలావరకు ఇలాంటి పుస్తకాల్లోనూ, ఎవరో యథాలాపంగా అన్న మాటల్లోనూ ఉండటం వల్ల, కథను పూర్తిచేసిన ఆటగాడు కూడా వాటిని గమనించకుండానే బయటపడే అవకాశం ఉంది.

అసలు నియమం ఇది. ‘సోల్ ట్రాప్’ అనే మంత్రం ప్రయోగించిన కొన్ని క్షణాల లోపల ఎదుటి జీవి చనిపోతే, దాని ఆత్మ ఆటగాడి దగ్గరున్న ఖాళీ ‘సోల్ జెమ్’లోకి, అంటే ఆత్మను పట్టి ఉంచే స్ఫటికంలోకి చేరుతుంది. స్ఫటికం ఎంత పెద్దదైతే అంత పెద్ద ఆత్మ అందులో పడుతుంది. ఎలుకజాతి జంతువు ఆత్మకు చిన్న స్ఫటికం చాలు, మామత్ అనే మహాగజం ఆత్మకు అన్నిటికంటే పెద్దది కావాలి. అలా నిండిన స్ఫటికాన్ని ఖర్చు చేసి కత్తికి మంటను, కవచానికి రక్షణను, ఉంగరానికి అదృష్టాన్ని శాశ్వతంగా అంటించవచ్చు. వాడగా వాడగా కత్తిలో శక్తి తగ్గితే మరో ఆత్మను పోసి మళ్లీ నింపవచ్చు. ప్రాణాన్ని వస్తువులో దాచడమన్న ఊహ తెలుగువారికి కొత్తది కాదు, బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉంటుంది. అయితే ఆ ఫకీరు దాచుకున్నది తన ప్రాణాన్ని, అదీ చావు నుంచి తప్పించుకోవడానికి. టామ్రియెల్‌లో దాచేది ఇతరుల ప్రాణాన్ని, అదీ ఖర్చు పెట్టడానికి.

ఇక్కడ మొదట గమనించవలసిన విషయం, మంత్రశక్తి నింపిన వస్తువు మీద ఆ ఆత్మ ఎవరిదన్న గుర్తు ఏదీ మిగలకపోవడం. దుకాణంలో అమ్మకానికి పెట్టిన మంటల కత్తికి ధర ఉంటుంది, పదును ఉంటుంది, పేరు ఉంటుంది. దాని తయారీకి తోడేలు చచ్చిందా, మనిషి చచ్చాడా అన్నది కొనేవాడికి తెలిసే మార్గం లేదు. ఎవరూ అడగరు కూడా. తయారీలో పడ్డ బాధను వస్తువు మీద నుంచి పూర్తిగా తుడిచివేసే ఈ ఏర్పాటును ఆట ఎక్కడా ఎత్తిచూపదు, దాన్ని అంగడి మర్యాదగా, నిత్యజీవితంగా చూపిస్తుంది. ఈ వరుసలోని అసలు చీకటి రాక్షసుల గుహల్లో కంటే ఇలాంటి దుకాణాల బల్లల మీదే ఎక్కువగా ఉంది.

ఈ చీకటి మొదటి రోజే పథకం ప్రకారం నిండినది కాదు, మెట్టుమెట్టుగా పేరుకున్నది. డాగర్‌ఫాల్‌లో ఆత్మను బంధించే మంత్రం ఉంది కాని, దాని నైతికత గురించిన చర్చ పెద్దగా లేదు. మోరోవిండ్‌లో సోల్ జెమ్‌లు ఐదు పరిమాణాల్లో దొరుకుతాయి. అక్కడ జంతువుల, భూతాల ఆత్మలు స్ఫటికాల్లో పడతాయి, మనుషులవీ ఎల్ఫ్‌లవీ పడవు. ఆటగాడు వందల మంది దుండగులను చంపుతాడు, మంత్రం ఎలుక మీద పనిచేసి మనిషి మీద ఎందుకు పనిచేయదన్న సందేహం సహజంగా వస్తుంది. ఆబ్లివియన్ రచయితలు ఆ సందేహానికి ఇచ్చిన జవాబుతో లోకమే మారిపోయింది. మనుషుల ఆత్మ కూడా పడుతుంది, కాకపోతే దానికి నల్లని సోల్ జెమ్ కావాలి అన్నారు. జంతువుల ఆత్మలు తెల్లనివి, మనుషులు, ఎల్ఫ్‌లు మొదలైన వారివి నల్లనివి అన్న విభజన అక్కడ స్థిరపడింది. జనన మరణాలకు అధిదేవతయైన ఆర్కే దీవెన ఉన్నవారి ఆత్మలను వారి సమ్మతి లేకుండా ఎవరూ వాడుకోలేరని ఆటలోని ఒక గ్రంథం చెబుతుంది. ఆ గ్రంథకర్త మానిమార్కో ఆ దేవుణ్ణి శత్రువుగా ప్రకటించిన శవమాంత్రికుడు, అంటే మృతదేహాలను, ఆత్మలను తన పనులకు వాడుకునే విద్యలో దిట్ట.

నల్లని స్ఫటికం తయారయ్యే పద్ధతిలోనూ ఒక గొప్ప చమత్కారం ఉంది. ఎనిమిది రోజులకొకసారి కొన్ని బలిపీఠాల మీద ఆకాశం నుంచి ఊదారంగు వెలుగు పడుతుంది. ఆ వేళ అన్నిటికంటే పెద్ద మామూలు స్ఫటికాన్ని పీఠంలో పెట్టి, ఆ పీఠం మీదే సోల్ ట్రాప్ మంత్రం వేస్తే అది నల్లబడుతుంది. ఆ వెలుగుకు మూలం శవమాంత్రికుల చంద్రుడు, ఆ చంద్రుడు దైవత్వం పొందిన మానిమార్కోయే. అతను దేవుడెలా అయ్యాడన్నది తెలియాలంటే డాగర్‌ఫాల్ ముగింపుకు వెళ్లాలి. ఆ ఆట చివర ఒక మహాయంత్రాన్ని నడిపే అధికారం ఎవరి చేతికి ఇవ్వాలో ఆటగాడే నిర్ణయిస్తాడు. రాజులు, ఒక తెగ నాయకుడు, చక్రవర్తి మనుషులు, మానిమార్కో అందరూ దాన్ని కోరినవారే, ఎవరికిస్తే కథ ఆ విధంగా ముగుస్తుంది. తరువాతి ఆటకు ఒకే చరిత్ర కావలసి వచ్చినప్పుడు రచయితలు ఏ ముగింపునూ తోసిపుచ్చకుండా, ఆ కొద్దిరోజుల పాటు కాలమే చీలిపోయి అన్ని ముగింపులూ ఒకేసారి జరిగాయని రాశారు. 44 చిన్న రాజ్యాలున్న ప్రాంతం ఆ చీలిక ముగిసేసరికి నాలుగు రాజ్యాలుగా మిగిలింది, మానిమార్కో దేవుడై ఆకాశంలో నిలిచాడు, అదే సమయంలో మనిషిగా భూమి మీదా మిగిలాడు. ఆటగాళ్ల ఎంపికల మధ్య వైరుధ్యాన్ని సృష్టి ధర్మంగా మార్చిన ఈ పరిష్కారం తార్కికంగా అందమైనది. దాని పర్యవసానం మాత్రం, ప్రతి ఎనిమిది రోజులకూ మనుషుల ఆత్మల కోసం సంకెళ్లు తయారుచేసే వెలుగు ఆకాశంలో శాశ్వతంగా వెలగడం.

ఆబ్లివియన్‌లో మాంత్రికుల సంఘానికి అధిపతియైన హానిబల్ ట్రేవెన్ శవమాంత్రికాన్ని నిషేధించినవాడు. ఆ నిషేధం వల్ల సంఘం చీలిపోతుంది, సభ్యులు చనిపోతారు, కొందరు శత్రువులతో కలుస్తారు, అయినా అతను వెనక్కి తగ్గడు. కథ చివర మానిమార్కోను ఎదుర్కొనడానికి వెళ్లే ఆటగాడి మనస్సు శత్రువు వశం కాకుండా కాపాడే సాధనం ఒక్కటే ఉందని తేలుతుంది: శవమాంత్రికులు తమ నాయకుడి కోసం సిద్ధం చేసుకున్న బ్రహ్మాండమైన నల్లని సోల్ జెమ్, అందులో ఒక శక్తిమంతుడి ఆత్మ. ట్రేవెన్ తన ప్రాణం తానే తీసుకొని తన ఆత్మను అందులో నింపుతాడు. నిషేధించిన విద్యకు నిషేధించినవాడే ఆహుతి కావడం ఈ వరుసలోని అత్యంత విషాదకరమైన ఘట్టాల్లో ఒకటి, దానికి దక్కవలసిన శ్రద్ధ దక్కలేదు. అతనిది స్వచ్ఛందమైన త్యాగం. ఈ వ్యవస్థలో సమ్మతితో బందీ అయిన ఆత్మ ఎంత అరుదో తెలిసిన కొద్దీ ఆ దృశ్యం బరువు పెరుగుతుంది.

స్ఫటికంలోని ఆత్మను ఖర్చు చేశాక అది ఏమవుతుంది అన్న తరువాతి ప్రశ్నకు స్కైరిమ్‌కు అనుబంధంగా 2012లో వచ్చిన ‘డాన్‌గార్డ్’ జవాబు చెప్పింది. ఆత్మ నశించదు. దాని శక్తి కత్తిలోకి పోగా మిగిలినది, ముఖ్యంగా మనుషుల విషయంలో, ‘సోల్ కేర్న్’ అనే లోకానికి చేరుతుంది. 1997లో వచ్చిన ‘బ్యాటిల్‌స్పైర్’ అనే ఆటలో ఈ లోకం పేరు, రూపం తొలిసారి కనిపించాయి. పదిహేనేళ్ల తరువాత దాన్ని ఈ నియమానికి గమ్యస్థానంగా నిలపడంతో లెక్క పూర్తయింది. అక్కడ సూర్యుడు లేడు, ఎముకల మేడలు, బూడిద నేల, మెరుపులతో నిండిన ఊదారంగు ఆకాశం ఉన్నాయి. తాము చనిపోయామని కూడా సరిగా తెలియని ఆత్మలు అక్కడ తిరుగుతుంటాయి. ఒకడు తన గుర్రం కోసం వెతుకుతుంటాడు, మరొకరికి తన పేరు గుర్తుండదు. ఆ లోకాన్ని ఏలేవారిని ఐడియల్ మాస్టర్స్ అంటారు. ఒకప్పుడు మాంత్రికులై ఉండి శరీరాలను వదిలేసిన వీరు ఇప్పుడు పెద్ద పెద్ద స్ఫటికాల రూపంలో గాలిలో తేలుతూ, శవమాంత్రికులకు శక్తిని, భూతగణాన్ని ఇచ్చి బదులుగా ఆత్మలను పుచ్చుకుంటారు.

వీరి వ్యాపారం ఎలాంటిదో డర్నెవీర్ అనే డ్రాగన్ కథ చెబుతుంది. శక్తి కోసం వచ్చిన అతనితో, వలేరికా అనే స్త్రీ చనిపోయేదాకా ఆమెకు కాపలా ఉంటే చాలునని ఒప్పందం చేసుకున్నారు. ఆమె రక్తపిశాచి అనీ, ఆమెకు సహజ మరణం లేదనీ చెప్పలేదు. డర్నెవీర్ ఆ లోకానికి బందీ అయ్యాడు. బయటి ఆకాశంలోకి పిలిచినా అక్కడ ఎక్కువసేపు నిలవలేడు. అదే చోట కనిపించే జియూబ్ కథ పాత ఆటగాళ్ల గుండెను మరింతగా తాకుతుంది. మోరోవిండ్ మొదలవగానే ఖైదీల ఓడలో ఆటగాడిని నిద్ర లేపి పేరు అడిగే తొలి మనిషి అతనే. ఆ తరువాత ఆ ఆట జరిగే దేశాన్ని వేధించిన ఎగిరే జంతువులను తరిమి పుణ్యపురుషుడిగా పేరు పొందాడని చెప్పుకొంటారు. ఆబ్లివియన్ కథలో భూతాలు క్వాచ్ నగరాన్ని నాశనం చేసినప్పుడు అతను అక్కడ చనిపోయాడు. ప్రజలు పూజించిన ఆ మనిషి స్వర్గంలో కాకుండా సోల్ కేర్న్‌లో, చెల్లాచెదురైన తన ఆత్మకథ పుటల కోసం ఎదురుచూస్తూ కనిపిస్తాడు. మంచితనం, పూజ, సత్కర్మ ఏవీ ఆత్మను కాపాడలేదు. చనిపోయే క్షణంలో ఎవరి చేతిలో ఖాళీ స్ఫటికం ఉందన్నదే మరణానంతర గతిని నిర్ణయించింది. మతాలు, పుణ్యలోకాలు దండిగా ఉన్న కాల్పనిక లోకంలో ఇంత కఠినమైన నియమాన్ని ప్రవేశపెట్టడానికి ధైర్యం కావాలి.

ఈ నియమం ఆటగాడిని ఎటు నెడుతుందో లెక్కవేస్తే మరో సంగతి బయటపడుతుంది. తెల్లని ఆత్మల శక్తి జీవిని బట్టి మారుతుంది, నల్లని ఆత్మలు మాత్రం అన్నీ అత్యున్నత స్థాయివే. దారిదోపిడీ చేసే అతి బలహీనుడైన దొంగ ఆత్మకు, ఏడెనిమిది మంది కలిసినా సులువుగా పడగొట్టలేని మామత్ ఆత్మకు శక్తిలో తేడా లేదు. కాబట్టి మంచి ఆయుధం కావాలనుకునే ఆటగాడికి అన్నిటికంటే చవకైన మార్గం మనిషిని చంపడమే. నల్లని స్ఫటికాలు మాంత్రికుల దగ్గర అమ్మకానికి దొరుకుతాయి, వీధిలో కాపలా భటులు వాటి గురించి అడగరు. మనిషి ఆత్మ అన్ని జంతువుల ఆత్మల కన్నా గొప్పదన్న సిద్ధాంతం వినడానికి గౌరవప్రదంగా ఉంటుంది. విలువ పెరిగిన కొద్దీ వేట కూడా పెరుగుతుందన్న సత్యాన్ని ఆ సిద్ధాంతమే ఆచరణలో నిరూపిస్తుంది. ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ మోర్థాల్ అనే పల్లెలో ఉంది. ఆటగాడు రక్తపిశాచిగా మారిపోయి, తిరిగి మనిషి కావాలనుకుంటే ఆ ఊరి మాంత్రికుడు ఫాలియన్ సహాయం చేస్తాడు. అతను మంచివాడు, పిశాచాల నుంచి జనాన్ని కాపాడాలన్న తపన ఉన్నవాడు. ఆ క్రతువుకు అతను అడిగేది నిండిన నల్లని సోల్ జెమ్. మనుషుల రక్తం తాగే బతుకు మానుకోవడానికి ఇంకొక మనిషి ఆత్మను ఇవ్వాలి.

నలుపు, తెలుపు అన్న గీత ఎక్కడ పడుతుందన్నది ఇంకా లోతైన ప్రశ్న. స్కైరిమ్‌లో భూగర్భ గుహల్లో గుడ్డి జాతి ఒకటి ఆటగాడిపై పడుతుంది, వారిని ఫాల్మర్ అంటారు. వారు ఒకప్పుడు మంచు దేశాన్ని ఏలిన నాగరిక ఎల్ఫ్‌లు. ఇస్‌గ్రామోర్ నాయకత్వంలో వచ్చిన మనుషుల సేనలు తరిమివేయగా, భూగర్భంలో నివసించే ద్వెమర్ అనే మరో ఎల్ఫ్ జాతిని ఆశ్రయించారు. కళ్లు పోగొట్టే విషపు పుట్టగొడుగులు తినాలన్న షరతు మీద ద్వెమర్ వారికి చోటిచ్చి, తరువాత బానిసలుగా చేసుకున్నారు. తరతరాలు గడిచేసరికి వారి రూపం, భాష, జ్ఞాపకం అన్నీ చెరిగిపోయాయి. ఎల్ఫ్‌ల ఆత్మ నల్లనిది కావాలి కదా అనుకుంటే, ఫాల్మర్‌ల ఆత్మ మామూలు స్ఫటికంలోనే పడుతుంది, అంటే నియమం దృష్టిలో వారు జంతువులు. అదే జాతికి చెంది మిగిలిపోయిన పూజారి గెలెబోర్ మాత్రం వారిని ‘వంచితులు’ అని పిలుస్తూ, వారి తెలివి నెమ్మదిగా తిరిగి వస్తున్నదని, ఏదో ఒకనాడు వారితో మాట్లాడగలనని ఆశ పడుతుంటాడు. మామత్‌లను మందలుగా మేపుతూ, వాటి పాలతో జున్ను చేసుకుంటూ, రాళ్ల మీద బొమ్మలు గీసే రాక్షసకాయుల ఆత్మ కూడా ఈ లెక్కలో తెల్లనిదే. బానిసత్వం ఒక జాతి ఆత్మ రంగునే మార్చగలిగితే, ఆ రంగు ఆధారంగా ఎవరిని చంపవచ్చో తేల్చే ధర్మానికి నిలబడే అర్హత ఉండదు. ఆట ఈ మాట పైకి అనదు, రెండు వాస్తవాలను ఒకే గుహలో పెట్టి ఊరుకుంటుంది.

ఫాల్మర్‌లను గుడ్డివారిని చేసిన ద్వెమర్ గొప్ప యంత్రనిర్మాతలు, దేవుళ్లను లెక్కచేయని హేతువాదులుగా పేరు పొందినవారు. వారి ఇత్తడి యంత్రాలు యజమానులు ఒక్కసారిగా మాయమైపోయాక కూడా శిథిల నగరాల్లో కాపలా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని పడగొట్టి వెతికితే అందులో నూనె, పళ్లచక్రాలతో పాటు నిండిన సోల్ జెమ్‌లు దొరుకుతాయి. ఆ జాతి అదృశ్యమైనది మొదటి యుగం 700లో, స్కైరిమ్ కథ జరిగేది నాలుగో యుగం 201లో. ఆ లోకపు యుగాల లెక్క కడితే మధ్యలో సుమారు 3,750 ఏళ్లు. యంత్రాలతో పాటు ఆ ఆత్మలు కూడా అంతకాలం అక్కడే ఉండి ఉండాలి.

ద్వెమర్ కట్టిన యంత్రాల్లో పెద్దది న్యూమిడియం, కొండంత ఇత్తడి విగ్రహం. టామ్రియెల్ మొత్తాన్ని ఒకే జెండా కిందికి తెచ్చిన టైబర్ సెప్టిమ్ చక్రవర్తికి, చివరగా ఎల్ఫ్‌ల దీవులను లొంగదీయడానికి తోడ్పడింది అదే. దాన్ని నడపడానికి మాంటెల్లా అనే మహాస్ఫటికం కావలసి వచ్చింది, దానిలోకి ఒక ఆత్మ కావలసి వచ్చింది. ఆ ఆత్మ చక్రవర్తికి ఆస్థాన మాంత్రికుడు, నమ్మిన బంటు అయిన జూరిన్ ఆర్క్టస్‌దని ఒక చరిత్ర చెబుతుంది; పాత రాజు వుల్ఫ్‌హార్థ్‌దని, ఆ ప్రయత్నంలో ఆర్క్టస్ కూడా చనిపోయాడని ఇంకొక గ్రంథం చెబుతుంది. ఎవరిదైనా అది ఆప్తుడి ఆత్మే. అరీనా నుంచి ఆబ్లివియన్ దాకా ప్రతి ఆటలోనూ ఆటగాడు కాపాడుతూ వచ్చిన సెప్టిమ్ వంశ సామ్రాజ్యం ఆ ద్రోహం మీద నిలిచింది. టైబర్ సెప్టిమ్ తరువాత టాలోస్ పేరుతో దేవుడయ్యాడు, ఆ దేవుడి పూజను నిషేధించడమే స్కైరిమ్‌లో అంతర్యుద్ధానికి కారణమైంది. రెండు పక్షాల సైనికులూ అతని పేరుతో చనిపోతుండగా, మాంటెల్లాలోని మనిషి పేరు ఎవరి నోటా వినిపించదు.

మోరోవిండ్ దేశపు దేవుళ్లదీ ఇదే మార్గం. రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం నుంచి వ్యాపించే రోగాన్ని అడ్డుకోవడానికి వారు నిలిపిన కాంతి కంచె చనిపోయిన పూర్వీకుల ఆత్మబలంతో నడుస్తుంది. ఆ దేవుళ్లలో ఒకడైన వివెక్ తన పేరుతోనే వెలసిన నగరం మీద పడబోయిన ఒక చిన్న చంద్రశిలను గాలిలో ఆపాడు. ప్రజలకు తన మీద ప్రేమ ఉన్నంతకాలం అది పడదని, ప్రేమ తగ్గితే ఆగిన వేగంతోనే కిందికి వస్తుందని చెప్పాడు. దాన్ని తొలిచి లోపల జైలు కట్టారు. వివెక్ మాయమయ్యాక శిలను నిలపడానికి ఒక యంత్రం కట్టారనీ, అది ఆత్మలతో నడిచిందనీ, ఆత్మల కోసం బతికున్నవారిని బలి ఇవ్వవలసి వచ్చిందనీ 2009లో గ్రెగ్ కీస్ రాసిన ‘ది ఇన్ఫర్నల్ సిటీ’ నవల చెబుతుంది. తన ప్రియురాలిని బలికి ఎంచుకున్నారని తెలిసి ఆమెను విడిపించబోయిన సుల్ అనే వ్యక్తి వల్ల యంత్రం విరిగింది, శిల నగరం మీద పడింది, ఆ తాకిడితో అగ్నిపర్వతం బద్దలై దేశం సగం బూడిదైంది. దాదాపు రెండు శతాబ్దాల తరువాత స్కైరిమ్‌లోని విండ్‌హెల్మ్ నగరంలో మురికివాడ బతుకు బతికే నల్ల ఎల్ఫ్‌లు ఆ ప్రళయం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులే. ఒకరిని బలి ఇచ్చి వేలమందిని కాపాడే యంత్రాన్ని ఆపినవాడు దోషియా, అలాంటి యంత్రం మీద నగరాన్ని నిలబెట్టినవారు దోషులా అన్న ప్రశ్న ఆ మురికివాడలో ప్రతి గడప ముందూ నిలుస్తుంది. నగరం కింద జనం ఉన్నారని తెలిసీ శిలను తొలిచి జైలు చేసుకున్నవారిదే పెద్ద నేరమన్నది న్యాయమైన తీర్పు. దాన్ని దించే ప్రయత్నం చేయడానికి వారికి శతాబ్దాల సమయం ఉంది.

ఇవన్నీ ఆటను ఆసక్తికరం చేయడానికి పెట్టిన నియమాలనీ, వాటికి ఇంత అర్థం అంటగట్టడం అతి అనీ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. మోరోవిండ్ కాలానికి ఆ మాటలో బలం ఉంది. కాని సోల్ కేర్న్‌లోకి ఆటగాడినే నడిపించి, ఆత్మలతో మాట్లాడించి, వలేరికా నోట ఆ లోకపు వ్యవస్థను వివరించాక, నియమం వేరు కథ వేరు అనడానికి తావు మిగలలేదు. పైగా రక్తపిశాచి కాని ఆటగాడు ఆ లోకంలో అడుగుపెట్టాలంటే తన ఆత్మలో కొంత భాగాన్ని సోల్ జెమ్‌లో తాకట్టు పెట్టాలి. దానితో అతని శక్తులు తగ్గుతాయి, ఆ స్ఫటికాన్ని వెతికి తెచ్చుకునేదాకా ఆ లోటు తీరదు. అప్పటిదాకా ఇతరులకు చేస్తూ వచ్చిన పని తనకు జరిగినప్పుడు ఎలా ఉంటుందో రచయితలు ఆ కాసేపు చవిచూపించారు. ఆట ఎక్కడా ఉపదేశం చేయదు, సోల్ ట్రాప్ వాడకుండా అడ్డుకోదు, వాడినవారిని శిక్షించదు. సాహిత్యంలో పాఠకుడు నేరాన్ని చూస్తాడు, ఇక్కడ తానే చేస్తాడు, చేసినట్లు గుర్తించకుండా చేస్తాడు. ఈ మాధ్యమానికి మాత్రమే సాధ్యమైన ఈ పనిని ఎల్డర్ స్క్రోల్స్ రచయితలు సాధించినంత ఓపికగా సాధించినవారు తక్కువ.

స్కైరిమ్ ప్రధాన కథలో ఆటగాడు డ్రాగన్‌బోర్న్, అంటే మనిషి దేహంలో డ్రాగన్ ఆత్మతో పుట్టినవాడు. చంపిన ప్రతి డ్రాగన్ ఆత్మనూ తనలోకి పీల్చుకొని బలం పెంచుకోవడం అతని జన్మసిద్ధ శక్తి. మామూలుగా చంపితే మళ్లీ లేవగలిగే డ్రాగన్‌లు అతని చేతిలో చస్తే తిరిగి లేవవు, అందుకే అతనంటే వాటికి భయం. అతని శత్రువు ఆల్డుయిన్ లోకాన్ని మింగడానికి పుట్టిన డ్రాగన్. లోకం అంతం కావడమే దాని ధర్మమేమో, తరువాతి లోకం పుట్టకుండా ఆపడం సరైనదేనా అని ముని వంటి వృద్ధ డ్రాగన్ పార్థర్నాక్స్ అడిగితే ఆటగాడు ఏదో ఒక జవాబు చెప్పి ముందుకు సాగుతాడు. చివరి యుద్ధం సోవ్న్‌గార్డ్‌లో, అంటే వీరమరణం పొందినవారు చేరే స్వర్గంలో జరుగుతుంది. ఆల్డుయిన్ అక్కడి పొగమంచులో దాక్కొని, చనిపోయి వచ్చిన వీరుల ఆత్మలను ఒక్కొక్కటిగా తిని బలం పుంజుకుంటున్నాడు. అది మహాపాపమని అక్కడి వీరులంతా ఆక్రోశిస్తారు, దాన్ని ఆపడానికే ఆటగాడు జీవించి ఉండగానే మృతుల లోకంలోకి వచ్చాడు. పొగమంచులో దారి తప్పిన ఆత్మలు అతన్ని చూసి సాయం అడుగుతాయి. అప్పుడు అతని చేతిలో మంత్రశక్తి నింపిన కత్తి ఉంటుంది, సంచిలో నిండిన సోల్ జెమ్‌లు ఉంటాయి, వాటిలో నల్లనివి ఎన్ని అన్నది ఆ ఆటగాడికి మాత్రమే తెలుస్తుంది.